షోకేసులో సీనియర్ నిద్ర

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు పరుపుల షాపు సేల్స్‌మన్ ఇద్దరు కస్టమర్ల ఎదుట నిద్రపోయాడు.

కస్టమర్లు కొత్తగా పెళ్లయిన మొగుడూ పెళ్లాలు. సేల్స్‌మన్ ఆరంగుళాల ఫోం పరుపు మీద వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని ఉన్నాడు. నిద్రపోయే ముందు అతను అన్న చివరి మాట "నడుముకి". ఆ వాక్యం పూర్తికాలేదు.

ఆ షాపులో పరుపు అమ్మే పద్ధతే అది. నలుగురి ముందు పరుపు మీద పడుకోవాలంటే ఎవరికైనా మొహమాటం. చేత్తో నొక్కి చూస్తారు, అంచు మీద కూర్చుని లేస్తారు, ఇంట్లో అడిగి వస్తామని వెళ్లిపోతారు. వెళ్లినవాళ్లు రారు. అందుకని ముందు సేల్స్‌మనే చెప్పులు విప్పి, కాళ్ల దగ్గర ప్లాస్టిక్ షీటు పరుచుకుని, పడుకుని, ఆ పరుపు గుణగణాలు చెప్పాలి. ఓనరు తండ్రి పెట్టిన రూలు. నిలబడి పరుపులమ్మడం గట్టున నిలబడి ఈత నేర్పడంలాంటిదని ఆయన అనేవాడట.

సేల్స్‌మన్‌ని అందరూ సీనియర్ అంటారు. ఒకప్పుడు జూనియర్ కూడా ఉండేవాడు. పడుకునే ఉద్యోగమంటే ఎవరూ పిల్లనివ్వడం లేదని అతను ఫ్రిజ్‌ల షాపుకి మారిపోయాడు. సీనియర్‌కి ఆ పేరు మిగిలిపోయింది.

"లేపుదామా?" అంది పెళ్లికూతురు.

"పాపం, ఉండనీ" అన్నాడు పెళ్లికొడుకు. "మాట మధ్యలో పోయాడు చూడు. అబద్ధమాడేవాడికి అలా పడుతుందా నిద్ర?"

గోడౌన్‌లోంచి వచ్చిన ఓనరు ఈ దృశ్యం చూసి సీనియర్ భుజం పట్టుకోబోయాడు. పెళ్లికొడుకు నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"లేపకండి సార్. ఇలాంటిదే ఇంకోటి ఉందా? మాకొకటి, మా అమ్మావాళ్లకొకటి."

రెండు పరుపులకీ బిల్లు కట్టి, ఇద్దరూ మునివేళ్ల మీద నడుచుకుంటూ బయటికి వెళ్లారు. ఓనరు తిట్టడం మానేసి డబ్బు లెక్కపెట్టుకున్నాడు. సీనియర్ మూడున్నరకి లేచి, "నడుముకి సపోర్టు ఇస్తుందండీ" అన్నాడు. ఎదురుగా ఓనరు ఒక్కడే ఉన్నాడు.

సీనియర్ అలా పడిపోవడానికి కారణం రాత్రిళ్లు. నెల దాటింది అతని కంటి మీద కునుకు నిలిచి. పడుకున్న గంటకి గొంతు ఎండుకుపోతుంది. సీసాడు నీళ్లు తాగుతాడు. కళ్లు మూతపడే వేళకి బాత్రూముకి లేవాలి. వెళ్లొస్తే మళ్లీ దాహం. తెల్లారేదాకా మంచానికీ బాత్రూముకీ మధ్య షటిల్ బస్సులా తిరగడమే.

దీనికి సీనియర్ కనిపెట్టిన కారణం పరుపు. ఇరవైరెండేళ్లు పరుపులమ్మినవాడికి ఇంకో కారణం తట్టదు. ఇంట్లో ఉన్న పాత పరుపుని గోడకి నిలబెట్టేసి, షాపు నుంచి డెమో పరుపులు ఒక్కొక్కటీ తెచ్చి వేసుకోవడం మొదలుపెట్టాడు. మొదట స్ప్రింగు పరుపు.

"ఏమండీ, ఇది ఇల్లా గోడౌనా?" అంది భార్య. ఆమె ఇంటి ముందు గదిలో జిరాక్స్ షాపు నడుపుతుంది. ఆ గదిలో కూడా ఒక పరుపు నిలబడి ఉంది.

"స్ప్రింగు పొత్తికడుపు మీద ఒత్తుతోంది. అందుకే లేవాల్సొస్తోంది."

"నేనూ దాని మీదే పడుకున్నాగా. నన్ను ఒత్తలేదే."

"నీ వైపు స్ప్రింగులు వేరు."

స్ప్రింగు వెళ్లి కొబ్బరిపీచు వచ్చింది. దాహం పీచు వేడి వల్లన్నాడు. పీచు పోకముందే రబ్బరు పరుపు వచ్చింది. వాళ్లింట్లోనే ఉండే అత్తగారు తన గదిలోకి పక్కకి తిరిగి నడిచి వెళ్లాల్సివచ్చింది. ఆవిడ ఒకరోజు పొద్దున్నే అల్లుణ్ణి ఆపింది.

"అల్లుడుగారూ, బాత్రూములో చీమలు బారులు కట్టాయి. మీ మావయ్యగారికి షుగరొచ్చినప్పుడు కూడా ఇలాగే కట్టాయి."

"అది కొబ్బరిపీచు పరుపు వల్ల అత్తయ్యా. పీచెక్కడుంటే చీమలక్కడ."

"పరుపు పడగ్గదిలో ఉంది. చీమలు బాత్రూములో ఉన్నాయి."

"దారి వెతుక్కుంటున్నాయి."

ఆవిడ అల్లుడితో ఇక మాట్లాడలేదు. కూతురితో మాత్రం, ఈయనకి చెప్పడం కంటే ఆ చీమలకి చెప్పుకోవడం నయమంది.

నీరసానికి సీనియర్ వాడుతున్న మందు నారింజ జ్యూసు. పెద్ద సీసా. దాహమూ తీరుతుంది, ఓపికా వస్తుందని అతని లెక్క. దాహం తీరలేదు. ఓపిక రాలేదు. సీసాలు పెరిగాయి.

మంగళవారం అమ్మకం చూశాక ఓనరు రాత్రంతా ఆలోచించి, బుధవారం షోకేసులో బొమ్మల్నీ పూలకుండీనీ తీయించి అక్కడ మంచం వేయించాడు. దాని మీద కొత్త మోడల్ పరుపు, పక్కన చిన్న బల్ల, బల్ల మీద జ్యూసు సీసా. అద్దానికి ఒక బోర్డు అంటించాడు: "ఇతను నటించడం లేదు."

"ఏం చెయ్యాలి సార్?" అన్నాడు సీనియర్.

"ఏమీ చెయ్యకు. అదే నీ పని."

భోజనం చేసి, జ్యూసు తాగి, సీనియర్ షోకేసులో నడుం వాల్చాడు. దిండుకి తల ఆనిందో లేదో గురక మొదలైంది. రోడ్డుకి అవతల బస్టాపు ఉంది. అక్కడ నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే రోడ్డు దాటి వచ్చారు. మొదట నటన అన్నారు. ఒకాయన అద్దం మీద తాళంచెవితో కొట్టాడు. సీనియర్ కదల్లేదు. ఈగ వచ్చి ముక్కు మీద వాలింది, అటు నుంచి ఇటు నడిచింది, వెళ్లిపోయింది. అప్పటికి నమ్మారు. ఇద్దరికి బస్సులు తప్పాయి. ఒకావిడ లోపలికొచ్చి, ఆయన కింద ఉన్నది ఎంతని అడిగింది.

"ఆయనతో కలిపా, పరుపు ఒక్కటేనా?" అన్నాడు ఓనరు. ఆ రోజు అతను అంత హుషారుగా ఉన్నాడు.

ఒక ఇబ్బంది ఉండేది. మంచి రద్దీలో సీనియర్ లేచి బాత్రూముకి పరుగెత్తేవాడు. జనం చెదిరిపోయేవాళ్లు. ఓనరు ఇంకో బోర్డు రాయించాడు: "ఇప్పుడే వస్తాడు." సీనియర్ లేవగానే దిండు మీద ఆ బోర్డు పెట్టేవాళ్లు. దాన్ని చూస్తూ కూడా కొందరు నిలబడేవాళ్లు.

ఒకరోజు బస్టాపు పెద్దమనిషి ఒకాయన లోపలికొచ్చి, "ఏముందిలేవయ్యా, ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు, వీణ్ణి బండరాయి మీద పడేసినా ఇలాగే పోతాడు" అన్నాడు. ఆ సామెత షాపులో నిషేధం. ఓనరు ఆయన్ని భుజం మీద చెయ్యేసి గుమ్మందాకా సాగనంపాడు.

రెండోవారంలో ఓనరు సీనియర్‌ని కూర్చోబెట్టి మాట్లాడాడు. ఊళ్లో కొత్త హోటల్ కడుతున్నారు. నలభై గదులు. ఆ హోటల్ మేనేజరమ్మ చెవిన ఈ సంగతి పడింది. గదులు పూర్తవడానికి ఇంకో నెల పైన పడుతుందట, అప్పుడొచ్చి కళ్లారా చూసి ఆర్డరిస్తానందట.

"ఆ ఆర్డరొస్తే రెండో షాపు తెరుస్తున్నా. దానికి మేనేజరువి నువ్వే. అక్కడ నువ్వు పడుకోనక్కర్లేదు, కుర్చీలో కూర్చుని వేరేవాణ్ణి పడుకోబెట్టు."

ఇరవైరెండేళ్లుగా సీనియర్‌కి షాపులో సొంత కుర్చీ లేదు. సాయంత్రం ఇంటికెళ్లి భార్యకి ఆ మాటే ముందు చెప్పాడు. కుర్చీకి చక్రాలుంటాయా అని ఆమె అడిగింది. ఉంటాయన్నాడు.

ఆ వారం చివర్లో ఒకామె రోడ్డు దాటి షాపులోకి వచ్చింది. ఓనరు ఎదురెళ్లాడు.

"రండమ్మా. ఏ పరుపు చూపించమంటారు?"

"పరుపు వద్దండీ. పడుకున్నాయన కావాలి."

అలా అడిగినవాళ్లు అంతవరకూ లేరు.

"నేను డాక్టర్ని. నా క్లినిక్ బస్టాపు పక్కన మందులషాపు పైన. మధ్యాహ్నం బస్సు కోసం రోజూ ఇక్కడే నిలబడతాను. పది రోజుల్నుంచి చూస్తున్నా. ఈయన సీసా తాగుతాడు, పడుకుంటాడు, పరుగెత్తుతాడు, మళ్లీ తాగుతాడు, మళ్లీ పడుకుంటాడు. ప్యాంటు కూడా వదులైంది. మొదట్లో బెల్టు ఇంత లోపలికి లేదు. రేపు పొద్దున ఏమీ తినకుండా, తాగకుండా నా దగ్గరికి రమ్మనండి. మంచినీళ్లు ఫరవాలేదు."

"ఆయన మంచి నిద్రలో ఉన్నాడమ్మా."

"అది నిద్ర కాదండీ, ఒళ్లు చేతులెత్తేయడం. లేపండి."

మర్నాడు భార్య, అత్తగారు సీనియర్‌ని చెరో పక్కా నడుస్తూ తీసుకెళ్లారు. పరగడుపున చూస్తే షుగరు రెండువందల అరవైఎనిమిది ఉంది. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కూడా అదే మాట చెప్పింది.

"రక్తంలో చక్కెర హద్దు దాటితే మూత్రపిండాలు దాన్ని బయటికి తోస్తాయి" అంది డాక్టరమ్మ. "చక్కెర ఒంటరిగా పోదు, నీళ్లని వెంటబెట్టుకుని పోతుంది. అందుకే రాత్రిళ్లు అన్నిసార్లు లేస్తున్నారు. ఒంట్లో నీళ్లు తగ్గాయి కాబట్టి దాహం. దాహానికి మీరేం తాగుతున్నారు? జ్యూసు. అందులో మళ్లీ చక్కెర."

"ఇల్లు కాలుతుంటే కిరసనాయిలు చల్లారన్నమాట" అంది అత్తగారు.

"రాత్రి నిద్ర చెడితే షుగరు ఇంకా అదుపు తప్పుతుంది. షుగరు పెరిగితే నిద్ర ఇంకా చెడుతుంది. రెండూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతాయి. ఇలాగే వదిలేస్తే కళ్లు, మూత్రపిండాలు, కాళ్లు దెబ్బతింటాయి."

సీనియర్ కాసేపు తన కాళ్లకేసి చూసుకున్నాడు.

"అయితే పరుపు తప్పేం లేదంటారా?"

"లేదు."

"పీచుదానికి కూడా?"

"దానికి కూడా లేదు."

"ఆ ముక్క చీటీ మీద రాసివ్వండి డాక్టరుగారూ" అంది భార్య. డాక్టరమ్మ మాత్రల పేరు కింద రాసిచ్చింది.

డెమో పరుపులన్నీ షాపుకి తిరిగివెళ్లాయి. గోడకి నిలబెట్టిన పాత పరుపు మంచమెక్కింది. జ్యూసు సీసాలు పోయి మంచినీళ్లొచ్చాయి. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర, సాయంత్రం నడక. నడకకి అత్తగారు కాపలాగా వెళ్లేది. బేకరీ ఉన్న వీధిలోకి ఆవిడ తిరగనిచ్చేది కాదు. మొదట రాత్రికి లేవడం ఒకటి తగ్గింది, తర్వాత రెండు. మూడోవారంలో ఒకరోజు సీనియర్ కళ్లు తెరిచేసరికి కిటికీలో వెలుతురుంది. ఏదో తప్పు జరిగిందనుకుని భార్యని లేపాడు. ఏమీ జరగలేదని చెప్పి ఆమె మళ్లీ పడుకుంది.

తప్పు షాపులో జరిగింది. ఆ మధ్యాహ్నం షోకేసులో సీనియర్‌కి నిద్ర రాలేదు.

అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. కళ్లు మూసుకుంటే తెరుచుకున్నాయి. అద్దం అవతల జనం కనిపించారు. అలవాటు కొద్దీ వాళ్లకి నమస్కారం పెట్టాడు.

"లేచే ఉన్నాడురా" అన్నాడొకడు.

"ఇంకాస్త చూద్దాం."

"లేచి ఉన్నవాణ్ణి చూడ్డానికి ఇక్కడిదాకా ఎందుకు? మా ఇంట్లో ముగ్గురున్నారు."

జనం బస్టాపుకి వెళ్లిపోయారు. ఆ వారం నాలుగు పరుపులు అమ్ముడుపోయాయి. అందులో ఒకటి వెనక్కొచ్చింది. హోటల్ మేనేజరమ్మ ఫోన్ చేసి, శుక్రవారం వస్తున్నానంది.

బుధవారం సాయంత్రం ఓనరు సీనియర్ ఇంటికొచ్చాడు. చేతిలో కేకు పెట్టె. తలుపు అత్తగారు తీసింది.

"ఊరికే చూసిపోదామని వచ్చానమ్మా."

"చూడండి. పెట్టె గుమ్మంలో పెట్టి చూడండి."

ఓనరు కూర్చున్నాడు. పెట్టె ఒళ్లోనే ఉంచుకున్నాడు.

"సీనియర్, నేను సూటిగా చెబుతా. రెండు రోజులు. మాత్రలు రెండే రోజులు ఆపు. ఈ కేకు తిను. శుక్రవారం మధ్యాహ్నం గంట సేపు గురక పెట్టు. శనివారం నుంచి నీ ఒళ్లు నీది, నీ డాక్టరు నీది."

"అలా ఆపకూడదు సార్."

"నలభై గదులయ్యా. నలభై పరుపులు, నీకు కుర్చీ. నిద్రపోనివాణ్ణి షోకేసులో ఎందుకు పెట్టుకోవాలి చెప్పు? ఆ మాటకొస్తే షాపులో ఎందుకు పెట్టుకోవాలి?"

జిరాక్స్ మెషిను ఆగింది.

"మీరు తినండి సార్, ఆ కేకు" అంది భార్య ముందు గదిలోంచి. "మీరు పడుకోండి షోకేసులో. షాపు మీదేగా."

"నాకు పగలు నిద్ర పట్టదమ్మా."

"మా ఆయనకీ పట్టదు."

ఓనరు వెళ్లిపోయాక సీనియర్ చాలాసేపు మంచం మీద కూర్చున్నాడు. కుర్చీ పోతే పోయింది, ఉద్యోగం కూడా పోతుందా అన్నది అతని బెంగ. రాత్రి మాత్ర వేసుకున్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు. ఇంత బెంగలోనూ నిద్రెలా పట్టిందని పొద్దున్నే తన మీద తనకే కోపం వచ్చింది.

శుక్రవారం షోకేసు బల్ల మీద కేకు పెట్టె తెరిచి ఉంది. పక్కన చెంచా. సీనియర్ పెట్టెకి మూతపెట్టి ఓనరు చేతికిచ్చాడు.

"వద్దు సార్. కళ్లు మూసుకుని పడుకుంటాను. అంతకంటే నావల్ల కాదు."

"గురకైనా పెట్టు" అన్నాడు ఓనరు. "లోపలికి పీల్చేటప్పుడు గట్టిగా, వదిలేటప్పుడు మెల్లిగా."

హోటల్ మేనేజరమ్మ రెండింటికి వచ్చింది. కుర్చీ వేయించుకుని మంచం పక్కనే కూర్చుంది. సీనియర్ కళ్లు మూసుకుని గురక అందుకున్నాడు. వదిలేటప్పుడు గట్టిగా, పీల్చేటప్పుడు మెల్లిగా వచ్చింది. ఓనరు వెనక నుంచి చేత్తో సరిచేశాడు గానీ, కళ్లు మూసుకున్నవాడికి అది కనిపించలేదు.

"మీరు నిద్రపోవడం లేదు" అంది మేనేజరమ్మ.

"లేదండీ" అన్నాడు సీనియర్. అని, మిగిలిన గురక పూర్తిచేశాడు.

"ఎందుకని?"

సీనియర్ లేచి కూర్చున్నాడు.

"రాత్రి నిద్ర పట్టిందండీ. అందుకని ఇప్పుడు రావడం లేదు. ఇన్నాళ్లూ ఇక్కడ నిద్రపోయింది పరుపు గొప్పతనం వల్ల కాదండీ, నాకు షుగరెక్కువై రాత్రిళ్లు నిద్రలేక. ఇప్పుడు మందు వాడుతున్నా."

ఓనరు గోడకి ఆనుకున్నాడు.

"రాత్రి ఏ పరుపు మీద పడుకున్నారు?"

ఓనరు మేనేజరమ్మ వెనక నిలబడి, షోకేసులో ఉన్న కొత్త మోడల్ని రెండు వేళ్లతో చూపిస్తున్నాడు. ఈసారి సీనియర్‌కి కనిపించింది.

"మా ఇంట్లో పాతదండీ. ఈ షాపులోదే. కొని పదకొండేళ్లయింది."

"పదకొండేళ్లా? గుంట పడలేదా?"

"లేదండీ."

"చూడొచ్చా?"

మేనేజరమ్మ కారులోనే ముగ్గురూ సీనియర్ ఇంటికెళ్లారు. ఓనరు కేకు పెట్టెతో ముందు సీట్లో కూర్చున్నాడు. అత్తగారు ముగ్గురికీ మంచినీళ్లిచ్చి, పడగ్గది చూపించింది. మేనేజరమ్మ దుప్పటి తీసి పరుపు నొక్కింది. అంచు మీద కూర్చుంది, లేచింది. సీనియర్ చెప్పులు విప్పి ముందు తను పడుకోబోయాడు.

"మీరాగండి" అని ఆమె చెప్పులు విప్పి తనే పడుకుంది. వెల్లకిలా కాసేపు, పక్కకి తిరిగి కాసేపు. ఆ ఇరుకు గదిలో మిగతావాళ్లు గోడకి అంటుకుని నిలబడ్డారు.

ఆమె లేచి జుట్టు సరిచేసుకుంది.

"షోకేసులోది వద్దు. ఇదే మోడల్ నలభై కావాలి."

"ఇది ఎప్పుడో ఆపేశామండీ" అన్నాడు ఓనరు.

"ఎందుకు ఆపేశారు?"

ఓనరు నీళ్లు నమిలాడు. అతని చేతిలో నిజంగానే నీళ్ల గ్లాసుంది.

"పాడవదు కదమ్మా" అంది అత్తగారు. "ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ షాపు మొహం చూడరు. ఇంకెందుకు చేస్తారు?"

మేనేజరమ్మ ఓనరుకేసి చూసింది. ఓనరు జేబులోంచి ఫోన్ తీసి ఫ్యాక్టరీకి చేశాడు. నలభైకి తక్కువైతే చెయ్యలేమన్నారు, నలభై అయితే సరేనన్నారు. మాటలు అయ్యేసరికి నాలుగైంది. ఆర్డరు కాగితం మీద ఇద్దరూ జిరాక్స్ షాపు కౌంటర్ దగ్గరే సంతకాలు చేశారు. కాపీలు రెండు తీసి, భార్య ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకుంది.

శనివారం పరీక్షలో సీనియర్ పరగడుపు షుగరు నూట పద్దెనిమిది ఉంది. మాత్రలు మానకూడదని డాక్టరమ్మ చెప్పింది.

సోమవారం షోకేసులో మంచం తీసేశారు. రెండో షాపు తెరిచేదాకా మేనేజరు కుర్చీ ఎక్కడ వెయ్యాలో తెలియక, ఓనరు దాన్ని షోకేసులోనే వేయించాడు. దానికి చక్రాలున్నాయి. మధ్యాహ్నం సీనియర్ అందులో కూర్చుని ఉండగా బస్టాపు నుంచి ఇద్దరు లోపలికొచ్చారు.

"ఏమండీ, ఇక్కడ రోజూ పడుకునే ఆయనుండేవాడు. ఏమైంది ఆయనకి?" అని సీనియర్‌నే అడిగారు.

"బాగయింది" అన్నాడు సీనియర్.

అయ్యో పాపమని వాళ్లు బస్టాపుకి వెళ్లిపోయారు.